ఎంతసేపు ఆగాలి?

(హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ పరిశోధక విద్యార్థుల సమావేశంలో ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. చివర్లో ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే.

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, నెట్‌వర్కింగ్, మల్టీమీడియా కంప్యూటింగ్‌లో డాక్టరేట్ పరిశోధన. మన యూనివర్సిటీల్లో ఇవి మూడు వేర్వేరు పేపర్లు, చాలాచోట్ల ముగ్గురు వేర్వేరు గైడ్లు. ఒకరి గది తలుపు ఇంకొకరు తట్టరు. గంటలో మూడింటి గురించీ చెప్పాలని చూస్తే దేని గురించీ చెప్పనట్టే. అందుకని మూడింటికీ అడుగున ఉన్న ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తాను. ఎంతసేపు ఆగాలి? అవతలి నుంచి జవాబు రాలేదు. ఇంకా ఆగాలా, మళ్ళీ అడగాలా, వదిలేసి ముందుకు పోవాలా? ఈ మూడు సబ్జెక్టులూ ఈ ప్రశ్నకి మూడు రకాలుగా జవాబు చెబుతాయని నా నమ్మకం. మీలో సగం మంది థీసిస్ కూడా దీని చుట్టూనే తిరుగుతుంది. సినాప్సిస్‌లో ఆ మాట ఉండదు, అంతే.

ఇరానీ హోటల్ కౌంటర్ దగ్గర మొదలుపెడదాం. రెండు చాయ్, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. స్కాన్ చేశారు, పిన్ కొట్టారు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతోంది. డబ్బు కట్ అయినట్టు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. కౌంటర్ మీది సౌండ్‌బాక్స్ మాత్రం నోరు మెదపలేదు. వెనకాల నలుగురు నిలబడ్డారు. ఆయన "రాలేదు భాయ్" అంటాడు, మీరు "కట్ అయింది భాయ్" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆ క్షణంలో లోపల ఏం జరుగుతోంది? మీ బ్యాంకు కంప్యూటర్, హోటల్ వాళ్ళ బ్యాంకు కంప్యూటర్, మధ్యలో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ వాళ్ళ స్విచ్, అంటే కబుర్లు అటూ ఇటూ చేర్చే కంప్యూటర్. ఇంత జమ చేయమని స్విచ్ అవతలి బ్యాంకుకి కబురు పంపింది. జవాబు లేదు. ఎందుకు లేదు? కబురు అసలు చేరకపోయి ఉండొచ్చు. చేరింది గానీ అక్కడ క్యూ పెద్దదై ఉండొచ్చు. జమ అయిపోయింది గానీ "చేశాను" అన్న జవాబు దారిలో పోయి ఉండొచ్చు. ఆ సర్వరే పడిపోయి ఉండొచ్చు. నాలుగూ వేర్వేరు సంగతులు. ఇవతల ఎదురుచూసేవాడికి మాత్రం నాలుగూ ఒక్కలాగే కనిపిస్తాయి.

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు ఇక్కడ పుట్టిందే. ఒక్క కంప్యూటరే ఉంటే, అది పడిపోతే అందరికీ తెలుస్తుంది. పది ఉంటే, పదోది పోయిందో నెమ్మదించిందో మిగతా తొమ్మిదికీ కచ్చితంగా తెలిసే దారి లేదు. 1978లో జిమ్ గ్రే తన నోట్స్‌లో దీన్ని ఇద్దరు సేనాపతుల సమస్యగా రాశారు. ఇద్దరూ చెరో కొండ మీద ఉన్నారు, మధ్య లోయలో శత్రువు. దూత చేరొచ్చు, పట్టుబడొచ్చు. కబురు అందిందని రశీదు, ఆ రశీదు అందిందని ఇంకో రశీదు, ఇలా ఎన్ని పంపుకున్నా ఆఖరి దూతని పంపినవాడికి అనుమానం మిగిలే ఉంటుంది. ఎన్ని రశీదులతోనూ ఇది తీరదని లెక్కగట్టి నిరూపించవచ్చు.

మరి రోజూ యూపీఐ ఎలా నడుస్తోంది? 2023 ఆగస్టులో నెలకి వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. లక్షకి ఒక్కటి ఇలా మధ్యలో ఇరుక్కుందనుకున్నా నెలకి లక్ష గొడవలు. ఇంజనీర్లు ఏం చేశారంటే, అనుమానాన్ని తీర్చే ప్రయత్నం మానేసి, అనుమానం ఉన్నా నష్టం రాకుండా చూశారు. ప్రతి లావాదేవీకీ ఒక నంబరు. జవాబు రాకపోతే అదే నంబరుతో మళ్ళీ అడగొచ్చు. అవతలివాడు ఆ నంబరు చూసి, ఇది ముందే చేశాను అని రెండోసారి జమ చేయకుండా ఊరుకుంటాడు. పెండింగ్ అని కనిపిస్తుంటే మీరు మళ్ళీ స్కాన్ చేయొద్దని చెప్పేది అందుకే. మీరు కొడితే అది కొత్త నంబరు, కొత్త చాయ్ డబ్బులు.

అప్పటికీ తేలనివాటికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో గడువులు పెట్టింది. వ్యక్తికి పంపిన డబ్బు అవతల జమ కాకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజులు. దాటితే రోజుకి 100 రూపాయలు కస్టమర్‌కి ఇవ్వాలి. ఇది కూడా టైమౌటే, అంటే ఇంతసేపే ఆగుతామని పెట్టుకున్న హద్దే కదండీ. మిల్లీసెకన్లలో కాకుండా రోజుల్లో పెట్టిన టైమౌట్. ఆ సర్క్యులర్‌ని డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పేపర్ చదివినట్టు చదవమని నా విద్యార్థులకి చెబుతుంటాను. వాళ్ళు నవ్వుతారు. చదివాక నవ్వరు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్, కంప్యూటర్లు అనగానే అందరూ 1998 నాటి సైబర్ టవర్స్ దగ్గర కథ మొదలుపెడతారు. నాకైతే మాసాబ్ ట్యాంక్ గుర్తొస్తుంది. 1996లో రిజర్వ్ బ్యాంకు అక్కడ ఐడీఆర్‌బీటీ అని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ పెట్టింది. 1999లో బ్యాంకులన్నిటినీ కలిపే ఇన్ఫినెట్ మొదలైంది, ఉపగ్రహం మీద నడిచే వీశాట్ డిష్‌లతో. 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ వచ్చింది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీస్తున్నారంటే ఆ స్విచ్ పుణ్యమే. 2009లో దాన్ని ఎన్‌పీసీఐ తీసుకుంది. బంజారాహిల్స్ వెళ్ళే దారిలో ఆ బోర్డు దాటుతూ తల తిప్పి చూసేవాళ్ళు తక్కువ.

సికింద్రాబాద్‌ది ఇంకో కథ. రైల్వే రిజర్వేషన్ వ్యవస్థకి దేశంలో ఐదు కేంద్రాలు ఉంటే అందులో ఒకటి సికింద్రాబాద్. ఐదింటినీ 1999కల్లా కలిపారు. ఆఖరి బెర్తు ఒక్కటే ఉంది, రెండు ఊళ్ళలో రెండు కౌంటర్ల దగ్గర ఇద్దరు అడిగారు. ఎవరికివ్వాలి? తేలికైన జవాబేంటంటే ఒక బండి లెక్కంతా ఒక్క కేంద్రంలోనే ఉంచడం. ఎవరు ఎక్కడ అడిగినా ఆ కేంద్రమే తేలుస్తుంది. చక్కగా ఉంది. మరి ఆ కేంద్రమే పడిపోతే? లెక్కకి నకళ్ళు ఉంచాలి. నకళ్ళు ఉన్నాయంటే అవన్నీ ఒకే మాట మీద ఉండాలి. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ అని ముగ్గురు నిరూపించిందేంటంటే, కబురు ఎంత ఆలస్యమవుతుందో హద్దు లేనప్పుడు, ఒక్క కంప్యూటర్ పడిపోయే అవకాశం ఉన్నా సరే, అందరూ తప్పకుండా ఒక మాట మీదికి వచ్చి తీరతారని హామీ ఇచ్చే పద్ధతి, పాచికలు వేసి అదృష్టానికి వదలని పద్ధతి, ఉండదు. ఎంత తెలివైనవాడు రాసినా ఉండదు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఇది చదివితే ఇక మనం చేసేదేముంది అనిపిస్తుంది. కానీ ఈ సిద్ధాంతం వల్ల పని ఆగలేదు, పని ఎక్కడుందో తెలిసింది.

2014లో ఒంగారో, ఔస్టర్‌హౌట్ రాసిన రాఫ్ట్ చూడండి, నకళ్ళున్న సర్వర్లన్నిటినీ ఒకే మాట మీద ఉంచే పద్ధతి. ఈరోజు ఎన్నో సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపించే కుబర్నెటీస్ తన లెక్కలు దాచుకునే ఎట్‌సీడీ లోపల నడిచేది అదే. ఐదు సర్వర్లు ఉంటే ఒకటి లీడర్. అది మిగతావాటికి నేనున్నాను అని మాటిమాటికీ కబురు పంపుతుంది. కాసేపు కబురు రాకపోతే ఒక సర్వర్ లేచి ఎన్నిక పెడుతుంది. ఎంతసేపు ఆగి? పేపర్‌లో ఇచ్చిన ఉదాహరణ 150 నుంచి 300 మిల్లీసెకన్లు, ఆ మధ్యలో ఎవరి అంకె వాళ్ళు చీటీ తీసినట్టు తీసుకుంటారు. అందరూ సరిగ్గా 200 దగ్గరే ఆగితే అందరూ ఒకేసారి లేచి నేనే లీడర్ అంటారు, ఓట్లు చీలతాయి, ఎవరూ గెలవరు. ఇందులో అందం ఎక్కడుందంటే, బతికున్న లీడర్‌ని పొరపాటున పోయిందనుకున్నా కొంప మునగదు. ఐదింట్లో మూడు ఓట్లు లేనిదే ఏ నిర్ణయమూ జరగదు, ఒకే ఎన్నిక విడతలో రెండు గుంపులకి మూడేసి ఓట్లు రావు. పాత లీడర్ తిరిగొచ్చినా తన విడత నంబరు పాతదని చూసి తప్పుకుంటుంది. అంటే ఆగడంలో అంచనా తప్పితే కాస్త టైమ్ పోతుంది గానీ లెక్క తప్పదు. మీరు ఏ ప్రొటోకాల్ చదివినా మొదట ఇదే అడగండి. అంచనా తప్పితే పోయేది టైమా, లెక్కా?

ఇక నెట్‌వర్కింగ్. వీళ్ళకి అంత పట్టింపు లేదు. ప్యాకెట్, అంటే కబురులో ఒక ముక్క, పోతే మళ్ళీ పంపుతారు. ఎప్పుడు మళ్ళీ పంపాలన్నదే గొడవ. తొందరపడితే ఏమవుతుందో 1986 అక్టోబర్‌లో చూశారు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, బర్క్‌లీ యూనివర్సిటీ, రెండింటి మధ్య దూరం 400 గజాలు. ఆ లైను మీద సెకనుకి 32 వేల బిట్లు వెళ్ళేవి కాస్తా 40 బిట్లకి పడిపోయాయి. 40 వేలు కాదండీ, నలభై. ఇలాంటి కూలబాటుకి మూలం ఏంటంటే, రద్దీ వల్ల జవాబు ఆలస్యమవుతుంది, పంపేవాళ్ళు పోయిందనుకుని మళ్ళీ పంపుతారు, దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది, జవాబు ఇంకా ఆలస్యమవుతుంది.

వాన్ జాకబ్సన్ 1988 పేపర్ ఈ ముడి విప్పింది. అందులో విండో, అంటే జవాబు రాకముందే ఎంత పంపొచ్చన్న హద్దు, తగ్గించడం, నెమ్మదిగా మొదలుపెట్టడం అందరూ చదువుతారు, పరీక్షలో గ్రాఫ్ గీస్తారు. నాకు ఎక్కువ నచ్చేది చిన్న ముక్క, టైమౌట్ లెక్క. మెహదీపట్నంలో బస్సు కోసం నిలబడ్డారనుకోండి. సగటున పది నిమిషాలకొకటి. పన్నెండో నిమిషం దాటింది. ఆటో ఎక్కాలా? సగటు ఒక్కటే తెలిస్తే చెప్పలేరు. ఎప్పుడూ తొమ్మిది, పది, పదకొండుకల్లా వచ్చే రూటైతే పన్నెండుకి రాలేదంటే ఏదో అయింది, ఆటో ఎక్కేయండి. ఒకరోజు రెండు నిమిషాలకి, ఇంకోరోజు ఇరవై ఐదుకి వచ్చే రూటైతే పన్నెండు ఒక లెక్కే కాదు. పోయిన ప్యాకెట్లని మళ్ళీ పంపే టీసీపీ పాతరోజుల్లో సగటుని దాదాపు రెండుతో గుణించి ఊరుకునేది. జాకబ్సన్ దానికి ఊగిసలాటని కలిపారు. ఇప్పటి లెక్క ఏంటంటే సగటు, దానికి ఊగిసలాట నాలుగింతలు. ప్రతి కొత్త జవాబుతో సగటుని ఎనిమిదో వంతు, ఊగిసలాటని నాలుగో వంతు సవరించుకుంటూ పోవాలి. ఎనిమిది, నాలుగు ఎందుకంటే భాగహారం అక్కర్లేదు, బిట్లు జరిపితే చాలు. మీ జేబులో ఫోన్ ఇప్పటికీ చాలావరకు ఇదే లెక్క వేస్తోంది.

ఇంకో చిన్న చిక్కు. ఒకసారి పంపారు, జవాబు రాలేదని మళ్ళీ పంపారు, అప్పుడు జవాబొచ్చింది. అది మొదటిదానికా, రెండోదానికా? తెలియదు. మొదటిదానికని లెక్కేస్తే సగటు పెరిగిపోతుంది, రెండోదానికని లెక్కేస్తే తగ్గిపోతుంది. 1987లో కార్న్, పార్ట్‌రిడ్జ్ చెప్పిందేంటంటే అలాంటి జవాబుని సగటు లెక్కలోకే తీసుకోవద్దు. అనుమానం ఉన్న కొలతని పారేయండి. ఇంత చిన్న మాట కూడా పరిశోధనే.

మాసాబ్ ట్యాంక్ వీశాట్‌లకి మళ్ళీ వస్తే, ఆ ఉపగ్రహం భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి, కిందకి కలిపి 72 వేలు. వెలుతురు వేగంతో వెళ్ళినా పావు సెకను. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. అంటే బ్యాంకుల్ని కలిపిన తొలి నెట్‌వర్క్‌లో ప్రతి ప్రశ్నకీ జవాబు అర సెకను దూరంలో ఉండేది. ఏ లైనుకి ఆ లైనే కొలిచి ఆగాలి అన్నది ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మల్టీమీడియా వాళ్ళు పూర్తిగా వేరే జాతి. వాళ్ళు ఆగరు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయితో అమ్మ వీడియో కాల్ మాట్లాడుతోంది. ఇలాంటి ఇల్లు లేని వీధి మన దగ్గర ఉందా? హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి భూగోళం మీద దగ్గర దారి గీసినా 14 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు. కేబుల్ అంత నేరుగా పోదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. మాట సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు. అందులో సగం ప్రయాణానికే పోయింది. మిగిలిన సగంలో కెమెరా, మాటనీ బొమ్మనీ కుదించే కోడెక్, వైఫై, వచ్చినవాటిని కాసేపు దాచుకునే బఫర్ అన్నీ సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. "తిన్నావా", "ఆఁ అమ్మా నువ్వు", "ఏంటీ", "నువ్వు చెప్పు", "లేదు నువ్వే చెప్పు." ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు.

మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకి 50 ప్యాకెట్లు పంపుతారు. ఒకటి రాలేదు. మళ్ళీ పంపమని డల్లాస్‌ని అడిగి తెప్పించుకునేసరికి ఆ మాట పాతబడిపోతుంది. అందుకని అడగరు. ముందు ముక్క ధ్వని ఎలా ఉందో చూసి ఖాళీని దాంతోనే పూడుస్తారు. ఓపస్ కోడెక్‌లో ఇంకో ఏర్పాటు ఉంది. కావాలంటే ప్రతి ప్యాకెట్‌లోనూ ముందు ప్యాకెట్ నకలు ఒకటి, నాణ్యత తగ్గించి, ఇరికించి పంపొచ్చు. బ్యాంకు వాళ్ళకి ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ బంగారం. వీళ్ళకి ఆలస్యంగా వచ్చింది, రానిది ఒకటే. ఆలస్యమైతే వచ్చినా పారేస్తారు. ఒకే ఇంటర్నెట్ మీద ఈ రెండు సంసారాలూ నడవాలి.

అదే మల్టీమీడియాలో క్రికెట్ తీసుకుంటే మళ్ళీ లెక్క మారుతుంది. 2023 నవంబర్ 19 వరల్డ్ కప్ ఫైనల్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ఆటలో ఏమైందో వదిలేద్దాం, ఇంకా మానలేదు. అక్కడ మాటకి మాట జవాబు చెప్పక్కర్లేదు కాబట్టి వీడియోని ముక్కలుగా చేసి, కొన్ని ముక్కలు ముందే బఫర్‌లో దాచుకుని, నిదానంగా చూపిస్తారు. దానికి మూల్యం ఏంటో కూడా మీకు తెలుసు. పక్క ఫ్లాట్‌లో టీవీ చూసేవాళ్ళు అరిచాక మన ఫోన్‌లో బౌలర్ పరుగు మొదలుపెడతాడు.

సరే, పీహెచ్‌డీ సంగతికి వద్దాం. "మేడమ్, టాపిక్ ఏది తీసుకోమంటారు?" ప్రతి బ్యాచ్ అడిగేది ఇదే. నేను ఒక పని చెబుతాను. పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఏదైనా దించుకోండి. కోడ్ మొత్తంలో టైమౌట్ అన్న మాట వెతకండి. ఎక్కడో 30 అని ఉంటుంది. 30 సెకన్లు. 25 ఎందుకు కాదు, 40 ఎందుకు కాదు? కంపెనీలో అడిగితే ముందు నుంచి అలాగే ఉందండీ అంటారు. ఎవరు పెట్టారో తెలియదు, మారిస్తే ఏమవుతుందోనని ఎవరూ ముట్టుకోరు. అలాంటి అంకె ఒక్కటి పట్టుకోండి. అది ఏ పరిస్థితిలో సరైంది, ఏ పరిస్థితిలో ముంచుతుంది, పరిస్థితిని చూసి తనంతట తానే మారేలా చేయగలమా? దీన్ని బాగా చేస్తే థీసిస్ అవుతుంది. "ఏ ఫ్రేమ్‌వర్క్ ఫర్" అంటూ మొదలయ్యే టైటిల్‌తో నాలుగు బాణం గుర్తుల బొమ్మ గీస్తే అవదు.

కొలిచేటప్పుడు సగటుని నమ్మొద్దు. జెఫ్ డీన్, బరోసో 2013లో రాసిన లెక్క ఇది. ఒక సర్వర్ నూటికి ఒక్కసారి మాత్రమే సెకను దాటి ఆలస్యం చేస్తుందనుకోండి. వాడేవాళ్ళు అడిగే ఒక్కో కోరికకి వంద సర్వర్ల జవాబులూ కావాలి. అప్పుడు నూటికి 63 కోరికలు సెకను దాటతాయి. కాలిక్యులేటర్‌లో 0.99ని వందసార్లు గుణించి చూసుకోండి. దానికి వాళ్ళు చెప్పిన మందు కూడా ఆగడం గురించే. కాసేపు చూసి, జవాబు రాకపోతే అదే కోరికని ఇంకో నకలు సర్వర్‌కి కూడా పంపి, ఎవరిది ముందొస్తే అది తీసుకోవడం. వాళ్ళ పరీక్షలో 10 మిల్లీసెకన్లు ఆగి రెండోది పంపితే, వెయ్యిలో అతి నెమ్మదైన ఆ ఒక్కటి 1,800 మిల్లీసెకన్ల నుంచి 74కి దిగింది. అదనపు భారం నూటికి రెండు కోరికలే.

ఇక ల్యాబ్ గురించి ఒక కఠినమైన మాట. మన థీసిస్‌లలో చాలావాటిలో ప్రయోగం ఇలా ఉంటుంది: లినక్స్‌లో నెట్‌వర్క్ ఇబ్బందుల్ని అనుకరించే నెట్‌ఎమ్ పెట్టి, ఆలస్యం 100 మిల్లీసెకన్లు, ప్యాకెట్ నష్టం 1 శాతం అని రెండు అంకెలిచ్చి, గ్రాఫ్ గీసి, మా పద్ధతి ఇంత శాతం మెరుగు అంటారు. ఏ ఫోనూ అలా ప్రవర్తించదు. నిజంగా ప్యాకెట్లు పోతే గుంపుగా పోతాయి. ఆలస్యం ఒక దగ్గర నిలవదు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు పఫర్ అనే వెబ్‌సైట్‌లో నిజమైన ప్రేక్షకులకి టీవీ చూపిస్తూ వీడియో నాణ్యత మార్చే పద్ధతుల్ని పోల్చారు. 2020లో వాళ్ళు రాసిందేంటంటే, సిమ్యులేటర్లలో గెలిచిన మెషిన్ లెర్నింగ్ పద్ధతులు కూడా బయట, బఫర్ ఎంత నిండిందో మాత్రమే చూసే మామూలు పద్ధతిని దాటడం చాలా కష్టమైంది. ఆ పేపర్ చదివాక నా టేబుల్ మీదికొచ్చే డ్రాఫ్టుల్లో సగం వెనక్కి పంపేశాను.

ఇంకో సంగతి వినండి. ఈ రంగంలో ఎంతోమంది వాడే మొబైల్ కొలతలు నార్వే 3జీవి. ఆస్లోలో బస్సులో, ట్రామ్‌లో, మెట్రోలో, పడవలో తిరుగుతూ నమోదు చేసి 2013లో ప్రచురించినవి. వాళ్ళు మంచి పని చేశారు, కాదనను. కానీ హైదరాబాద్‌లో కూర్చుని 2020ల్లో రాసే థీసిస్‌కి ఆస్లో పడవ ఎందుకు? మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 29 కిలోమీటర్ల మెట్రో ఉంది. సాయంత్రం ఆరు గంటలకి అమీర్‌పేట్‌లో మారే జనం ఉన్నారు, బోగీలో అందరి చేతుల్లో రీల్స్ ఉన్నాయి. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి ఎక్కడ మారుతోంది, ఆ మారడంలో ఎన్ని మిల్లీసెకన్లు ఖాళీ, ఎండాకాలం ఎలా ఉంది, వానాకాలం ఎలా ఉంది. దీన్ని నమోదు చేసి అందరికీ అందుబాటులో పెడితే ప్రపంచం వాడుకుంటుంది. మన ఊరి కొలతలు మనమే తీయకపోతే ఎవరు తీస్తారు?

రివ్యూయర్ల గురించి ఒక్క మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలో ప్రొఫెసర్‌గా ఉంటూ 1972లో ఒక ఆలోచన మీద పనిచేస్తానని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని డబ్బు అడిగారు. ఇవ్వలేదు. ఆలోచన మరీ సింపుల్‌గా ఉందని ఒక రివ్యూయర్ రాసినట్టు ఆయనే తర్వాత గుర్తుచేసుకున్నారు. ఆయన పని ఆపలేదు. 1974లో నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి చిన్న పేపర్ వేశారు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, బొమ్మల్ని కుదించడానికి వాడే లెక్క. మీ ఫోన్‌లో జేపెగ్ ఫోటో తెరిచిన ప్రతిసారీ అది పనిచేస్తుంది. వీడియో కోడెక్‌లలో దాని వారసులున్నాయి. సింపుల్‌గా ఉందని రివ్యూ వస్తే బాధపడండి, తప్పులేదు, కానీ ఫైలు చెరిపేయకండి.

(ప్రశ్నలు)

విద్యార్థి: మేడమ్, ఇప్పుడంతా ఏఐ కదా. ఈ ఏరియాలో చేస్తే తర్వాత ఉద్యోగాలు ఉంటాయా? ఇంట్లో అదే టెన్షన్.

ఇంట్లోవాళ్ళకి ఒక లెక్క చెప్పు బాబూ. మెటా వాళ్ళు లామా 3 అనే ఏఐలో పెద్ద మోడల్‌కి 16 వేల పైచిలుకు జీపీయూ చిప్‌ల మీద శిక్షణ ఇచ్చారు. 54 రోజుల్లో అనుకోకుండా 419 సార్లు పని ఆగింది. సుమారు మూడు గంటలకొకసారి. వేల జీపీయూలు అడుగడుగునా ఒకదాని కోసం ఒకటి ఆగాలి. అందులో ఒక్కటి నెమ్మదిస్తే మిగతావన్నీ కరెంటు తాగుతూ కూర్చుంటాయి. అది పోయిందా, నెమ్మదించిందా, ఎంతసేపు చూడాలి అని తేల్చేవాళ్ళకి జీతాలు బాగానే ఇస్తున్నారు.

విద్యార్థిని: ఎన్నేళ్ళు పడుతుంది మేడమ్, నిజం చెప్పండి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మూడేళ్ళకి తక్కువ కుదరదు, మామూలుగా ఆరేళ్ళు దాటకూడదు. మధ్యలో ఎక్కడ పడతావన్నది సగం గైడ్ మీద, సగం మొదటి ఏడాది ప్రశ్న సరిగ్గా ఎంచుకోవడం మీద ఉంటుంది. కోర్స్‌వర్క్ అయ్యేదాకా ఆగి ఆ తర్వాత ప్రశ్న వెతుకుతానంటే ఒక ఏడాది పోయినట్టే.

విద్యార్థి: మాది జిల్లాలో చిన్న కాలేజీ మేడమ్. క్లస్టర్ లేదు, ల్యాబ్ లేదు. మెట్రో కూడా లేదు.

పల్లెవెలుగు బస్సు ఉంది కదా? అది ఇంకా మంచిది. మెట్రో కొలతలు రేపు ఎవరైనా తీస్తారు, మీ రూట్ ఎవరూ తీయరు. రెండు సిమ్‌లున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, నెలకి సరిపడా డేటా ప్యాక్, లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. నెట్‌వర్క్‌ని ల్యాప్‌టాప్‌లోనే అనుకరించే మినీనెట్, ఎన్ఎస్-3 రెండూ ఉచితం. రాఫ్ట్ నేర్చుకోవాలంటే ఒకే ల్యాప్‌టాప్‌లో ఐదు ప్రాసెస్‌లు నడిపి ఒక్కోదాన్ని చంపుతూ చూడొచ్చు. చంపడమే కాదు, కాసేపు స్తంభింపజేసి మళ్ళీ లేపండి, అసలు తమాషా అక్కడ బయటపడుతుంది. కొలతలు తీసేటప్పుడు మాత్రం రెండు జాగ్రత్తలు. ప్రతి వరుసలోనూ జీపీఎస్ స్థానం, సిగ్నల్ బలం, టవర్ ఐడీ రాసుకోండి, తర్వాత కావాలంటే దొరకవు. ఫోన్ గడియారంతో సర్వర్ గడియారాన్ని పోల్చి ఒకవైపు ఆలస్యం ఇంత అని తేల్చేయకండి. రెండు గడియారాలూ ఎప్పుడూ ఒకే టైమ్ చూపించవు. పోయి వచ్చిన మొత్తం సమయాన్ని ఒకే గడియారంతో కొలవండి. డ్రైవర్‌కి, కండక్టర్‌కి ముందే చెప్పండి, లేకపోతే రోజూ ముందు సీట్లో వైర్లు పెట్టుకుని కూర్చుంటే అనుమానపడతారు. మొదటి వారం డేటా వచ్చాక నాకు పంపు, చూద్దాం.